పచ్చి ఇటుక మీద ముద్ర

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు ఉంది, వాన లేదు. ఏకిన దూది లాంటి మబ్బులు పడమటి నుంచి వచ్చి, ఎర్రగుట్ట నెత్తిమీదుగా తూర్పుకు పోతున్నాయి. ఒక్కటీ ఆగడం లేదు. మన ఊరి స్టేజీలో ఆగని బస్సులాగా చూస్తుండగానే దాటిపోతున్నాయి. వన్నూరప్ప కాసేపు తలెత్తి చూసి, తువ్వాలు భుజాన వేసుకుని బోరు దగ్గరికి నడిచాడు.

బోరు పక్కన ఇనుప స్తంభం, దానిమీద దీపం. దీపం పచ్చగా వెలుగుతోంది.

ఆ బోరు ఊరందరిదీ. ఒకప్పుడు ఎర్రగుట్టపల్లిలో ఎవరి చేనిలో వాళ్ళు బోరు వేసుకుని, పోటీకి లోతు దించి, చివరికి దుమ్ము తప్ప ఏమీ పైకి రాక అలసిపోయారు. అప్పుడు అందరూ కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. గుట్టకింది బోరు ఒక్కటే ఉంచాలి. నీళ్ళు వంతుల మీద పారించుకోవాలి. వంతును మనిషి చెప్పకూడదు, దీపం చెప్పాలి. పచ్చ దీపమైతే పై మడి నుంచి కిందికి, ఎప్పటిలాగే. పసుపైతే అందరికీ సగం. ఎరుపైతే వంతు తిరగబడుతుంది: చివరన ఉన్న కడ మడికి ముందు, పై మళ్ళకు మిగిలితేనే. మనిషి చెబితే తగవు వస్తుంది, దీపంతో ఎవరు తగవు పడతారు?

ఆ దీపాన్ని నడిపే పెట్టెను చేసింది వన్నూరప్ప భార్య చంద్రకళ. అతనికి మేనమామ కూతురు. చదువుకుని పట్నంలో భూగర్భ జలాల ప్రయోగశాలలో చేరింది. పెట్టెకు అక్కడివాళ్ళు ఏదో పెద్ద పేరు పెట్టారు. ఊళ్ళో మాత్రం దాన్ని చెవి అంటారు. అది భూమి లోపలి చప్పుడు వింటుంది కాబట్టి.

పొద్దు గుట్ట అంచు దాటగానే పెట్టెలోని చిన్న సుత్తి బోరు పైపును ఒకసారి తడుతుంది. ఆ మోత రాతిలోకి దిగి తిరిగి వస్తుంది. అడుగున సిమెంటు పోసి బిగించిన పలుగురాయి బిళ్ళ ఒకటుంది. దాంట్లో పాత మోత ఒకటి దాచి ఉంది. పెట్టె ఆ రెండు మోతలనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. రాతి పగుళ్ళలో నీరుంటే మోత ఒక తీరు, లేకుంటే ఇంకో తీరు. తేడాను బట్టి దీపానికి రంగు.

పాత మోత చంద్రకళ పెట్టె బిగించిన రోజుది. ఆ రాయి గుణమే అంత. ఒక్క అరనిమిషపు అదురును పట్టి ఎన్నేళ్ళైనా చెదరకుండా ఉంచుకుంటుంది. ఒక్కటే పడుతుంది. ఇంకోటి పట్టాలంటే ముందుదాన్ని వదిలెయ్యాలి. సుత్తి మోతనే కాదు, ఆ అరనిమిషంలో పైపు చుట్టూ ఏది కదిలినా, ఎవరు మాట్లాడినా అంతా పట్టుకుంటుంది. పోల్చి చూసుకోవడానికి పెట్టె రోజూ ఒకసారి దాన్ని బయటికి తీస్తుంది. అప్పుడు పైపు సన్నగా వణుకుతుంది. చెవికి ఏమీ వినపడదు. దవడ ఎముకను పైపుకు ఆనిస్తే వినపడుతుంది.

వన్నూరప్ప మోకాళ్ళమీద కూర్చుని దవడ ఆనించాడు.

ముందు సుత్తి. తర్వాత దూరంగా మేకల గంటలు. చెప్పుల కింద గులకరాళ్ళు. తర్వాత ఆమె.

"ఇందూ, పైపు మీద చెయ్యి తియ్యే. నీ గుండె సప్పుడు గూడా దాంట్లో పడతాది."

చిన్నపిల్ల నవ్వు. మళ్ళీ ఆమె, తల పక్కకు తిప్పి అన్నట్టు కొంచెం పలచగా.

"ఇదో, యాడుండావు? నీకొక మాట..."

అరనిమిషం అక్కడికి అయిపోతుంది.

ఆ మాట తనకే. ఆ రోజు అతను వైరు చుట్ట కోసం షెడ్డు వెనక్కి పోయి ఉన్నాడు. వినలేదు. తర్వాత ఆమె ఆ మాట చెప్పిందో, పనిలో పడి మరిచిందో తెలియదు. ఆమె జబ్బుచేసి పోయాక, ఒక పొద్దున పెట్టె బోల్టు బిగిద్దామని వంగినప్పుడు దవడ పైపుకు తగిలి మొదటిసారి విన్నాడు. అప్పటినుంచి ఒక్క పొద్దూ మానలేదు. ఫోనులో పట్టి చూశాడు. తుమ్మెద రొద లాంటిది తప్ప ఏమీ రాలేదు. కూతురు ప్రయోగశాల నుంచి ఏవో పరికరాలు తెచ్చి చూసింది. కాగితం మీద గీతలు వచ్చాయి. ఆ గీతల్లో గొంతు లేదు. ఎముకకే ఆ గొంతు తెలుస్తుంది.

అతను లేచి తువ్వాలుతో మోకాళ్ళు దులుపుకుంటుంటే వెనక మారెక్క నిలబడి ఉంది.

కడ మడి మారెక్కది. ఒకప్పుడు మేకలు మేపేది. మోకాళ్ళు నొప్పులు పట్టాక మేకలు అమ్మి, రేష్మె తోట, అదే మల్బరీ, పెట్టి, ఆ ఆకుతో పట్టుపురుగులు పెంచుతోంది. అతనికంటే పెద్దది. మాట గట్టిది.

నిన్న తన వంతుకు మోటారు వేస్తే కాలువలో బురద వచ్చిందని ఆమె చెప్పింది. మొన్నా అంతే. పై మడివాళ్ళు పచ్చ దీపం చూసి కడుపునిండా పారించుకుంటున్నారు, వాళ్ళను అనడానికి లేదు, దీపం చెప్పినట్టే చేస్తున్నారు. తన దగ్గరికి వచ్చేసరికి బోరు దగ్గుతోంది. ఇదంతా నెమ్మదిగానే చెప్పి, చివరన స్తంభం వైపు చూసింది.

"మీ ఆడమనిషి దీపం పచ్చగానే ఉండాదప్పా. నా తోటే పచ్చగా లేదు."

ఆమె బదులు కోసం ఆగకుండా గట్టు దిగింది. వన్నూరప్ప పెద్దగా మాట్లాడడని ఆమెకు తెలుసు.

మరుసటి రోజు అతను పట్నం బస్సెక్కాడు.

కూతురు ఇందుజ ఆ ప్రయోగశాలలోనే పని చేస్తోంది, తల్లి కూర్చున్న బల్ల దగ్గరే. తండ్రి చెప్పకుండా వచ్చేసరికి లేచి నిలబడి, ఏమైందని అడిగింది. అతను కుర్చీ అంచున కూర్చుని, దీపం పచ్చగా ఉన్నా కడ మడికి నీళ్ళు చేరడం లేదని అన్నాడు. అంతే అన్నాడు. ఆమె ఊరి పెట్టె నుంచి రోజూ వచ్చే అంకెలు తెరమీద పరిచి చాలాసేపు చూసింది. గుట్ట వెనక కంకర క్వారీ పేలుళ్ళు ఎప్పుడు మొదలయ్యాయని అడిగింది. పోయిన ఎండాకాలం నుంచి అని అతను చెప్పాడు.

ఆ పేలుళ్ళకు బోరు చుట్టూ రాయి బీటలు వారిందని ఆమె తేల్చింది. పైకి తెలియదు కానీ లోపల అంతా సన్నగా పగిలింది. ఇప్పుడు పొడిగా ఉన్న రాయి కూడా అప్పటి తడి రాయిలాగే మోగుతోంది.

"పెట్టె అబద్ధం చెప్పడంల్యా నాయనా. అది అమ్మ ఉన్నప్పటి రాయి సంగతి చెప్తాండాది."

ఇప్పటి రాతి మోతను పలుగురాయికి మళ్ళీ పట్టించాలి. పాతది పోతుంది. దాంతోపాటు దాంట్లోని గొంతూ పోతుంది.

ఇంకో బిళ్ళ వేయలేమా అని అతను అడిగాడు. ఆ రకం పలుగురాయి గుట్టలో ఒక్క చోటే దొరికింది, ఆ చోటు ఇప్పుడు క్వారీలో కలిసిపోయింది అని ఇందుజ చెప్పింది. వేసిన బిళ్ళను పైకి తీస్తే పగిలిపోతుంది.

ఆమె తెరమీద తల్లి రాసిన ప్రోగ్రాం తెరిచి చూపించింది. సి భాషలో రాసింది. అందులో ఒక చోట రెండు మాటలున్నాయి: డేట్, టైమ్. ఒక్కో మాటకు ముందు రెండు గీతలు, వెనక రెండు గీతలు. మనిషి రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేట్టు మలచడాన్ని కంపైల్ చేయడం అంటారు. అట్లా మలిచేటప్పుడు ఆ రెండు మాటలూ పోయి, వాటి చోట ఆ క్షణపు తారీఖూ, గంటా, నిమిషమూ, సెకనూ వచ్చి కూర్చుంటాయి. ఆపైన ఎన్నేళ్ళు నడిచినా కదలవు. పెట్టె మొదలైన ప్రతిసారీ తనలోని ముద్రనూ రాతికి మోత పట్టించిన రోజున గుర్తుపెట్టుకున్న తారీఖునూ సరిచూసుకుంటుంది. రెండూ ఒకటైతే పాత మోతను ముట్టుకోదు. ముద్ర కొత్తదైతే, పాతది వదిలించి, కొత్త అరనిమిషాన్ని రాతికి పట్టిస్తుంది.

వన్నూరప్పకు ఇది తెలుసు. పెళ్ళికి ముందు అతను ఇటుకల బట్టీలో పని చేశాడు. చంద్రకళ అతనికి ఆ భాషలోనే చెప్పింది. పచ్చి ఇటుక మీదే ముద్ర పడుతుంది, కాలినాక పడదు, గట్టిగా కొడితే ఇటుక పగులుతుంది, ఇదీ అంతే అని.

"పాత తారీఖునే చేత్తో రాసి పెడితే?" అన్నాడు.

"రాయొచ్చు. అప్పుడు అమ్మ గొంతు ఉంటాది. దీపమూ ఇట్లే ఉంటాది."

అతను తల ఊపాడు. ఆమె టీ తెప్పించింది. ఇద్దరూ తాగారు. తర్వాత, ఆదివారం వస్తానని ఆమె చెప్పింది.

ఆదివారం పొద్దున్నే ఆమె, అమ్మ పాత ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని వచ్చింది. ముద్రా మోతా ఒకే సమయానివి కావాలి కాబట్టి ప్రోగ్రాంను బోరు దగ్గరే మలచాలి. తల్లి కూర్చున్న షెడ్డు అరుగు మీదే కూర్చుంది. సుత్తి తట్టేవేళకు వన్నూరప్ప వెళ్ళి దవడ ఆనించాడు. ఆమె తెరమీదినుంచి తల ఎత్తలేదు. అతను లేచి వచ్చి, కానీమ్మన్నట్టు చెయ్యి చూపి, గట్టు దిగి పోయాడు.

బీటలు వారిన రాతికి తగ్గట్టు పసుపుకూ ఎరుపుకూ హద్దులు కొంచెం జరిపి, ఇందుజ ప్రోగ్రాంను మళ్ళీ మలిచి పెట్టెలోకి ఎక్కించింది. దీపం ఆరింది. కాసేపటికి వెలిగింది, పసుపుగా. పై మడివాళ్ళు వచ్చి చూసి, చెవి బాగుపడింది అనుకున్నారు. తండ్రీ కూతుళ్ళు కూడా అట్లాగే అనుకున్నారు. ఇద్దరిలో ఎవరూ పైపుకు దవడ ఆనించి చూడలేదు. చూడడానికి అక్కడ ఏముంటుంది?

ఆ తర్వాత వన్నూరప్ప బోరు వైపు పోలేదు. చేనికి పోవాలంటే గుట్ట చుట్టు తిరిగి పోయేవాడు. పొద్దున లేవగానే ఏం చేయాలో తోచక వాకిట్లో ఉన్న గడ్డపారను ఇసుకతో తోమేవాడు. తోమిందే తోమేవాడు. కట్టెల మోపు విప్పి మళ్ళీ కట్టేవాడు. ఎదురింటివాళ్ళు పలకరిస్తే ఊ అనేవాడు. ఇందుజ ఫోను చేసి తిన్నావా అంటే తిన్నానన్నాడు, పడుకున్నావా అంటే పడుకున్నానన్నాడు.

నెల తిరిగిందేమో. ఒక పొద్దున మంచు పట్టి ఉంది. సగం నిద్రలో లేచి చేనికి బయలుదేరాడు. కాళ్ళు పాత దారి పట్టాయి. సుత్తి తట్టిన మోత విని, తను ఎక్కడున్నాడో తెలిసేలోగా మోకాళ్ళమీద కూర్చుని ఉన్నాడు, దవడ పైపుకు ఆని ఉంది.

మేకల గంటలు. గులకరాళ్ళు.

"ఇందూ, పైపు మీద చెయ్యి తియ్యే."

అతను పైపును రెండు చేతులా పట్టుకున్నాడు. చల్లటి ఇనుము. నీకొక మాట అని ఆమె అని ఆగిపోయాక కూడా వదల్లేదు. మంచు విడి ఎండ వీపుమీద పడేదాకా అట్లాగే ఉన్నాడు.

ఆమె ఉందంటే, దీపం ఇంకా పాత రాతినే చూస్తోందన్నమాట. అది అతనికి ఆ క్షణంలోనే తెలుసు. హద్దులు జరిపినందుకు పచ్చ పోయి పసుపు వచ్చింది, అంతే. నిజానికి అది ఎరుపు కావాలి. లేచి స్తంభం వైపు చూశాడు. పసుపు. అటు కడ మడి వైపు చూశాడు. మారెక్క రేష్మె ఆకు అంచులు వాడి లోపలికి ముడుచుకుని ఉన్నాయి. ఈ దూరం నుంచే కనిపిస్తున్నాయి.

రేపు చెబుదామనుకున్నాడు.

మరుసటి పొద్దున విన్నాడు. మళ్ళీ రేపు అనుకున్నాడు. ఇప్పుడు వింటుంటే మునుపటిలా లేదు. మునుపు అది ఉన్న వస్తువు. ఇప్పుడు పోయి తిరిగి వచ్చిన మనిషి. అన్నం తినేటప్పుడు ఆ గొంతు గుర్తొచ్చి ముద్ద చేతిలోనే ఆగేది. నీకొక మాట. ఏం మాట? వైరు తెమ్మనా? సాయంత్రం పట్నం పోవాలనా? అప్పటికే ఆమెకు నడుములో నొప్పి మొదలైంది. అది చెప్పబోయిందా? చెప్పి ఉంటే ముందే చూపించేవాళ్ళమా? ఏ మాటను పెట్టి చూసినా ఆ గొంతుకు అతికేది. అదే బాధ.

పట్టుపురుగులు పొర విడిచే ముందు మేత మాని నిద్రపోతాయి, దాన్నే జ్వరం అంటారు. ఆఖరి జ్వరం విడిచి లేచే రోజులవి. నిద్ర నుంచి లేచాక అవి ఆవురావురుమని తింటాయి, పగలూ రాత్రీ ఆకు వేస్తూనే ఉండాలి. మారెక్క ఇంట్లో తట్టల మీద అవి తింటుంటే వాన పడ్డట్టు చప్పుడు వినపడుతుందని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. ఈసారి ఆ చప్పుడు రెండు రోజులే వినపడింది. ఆకు చాలలేదు. పక్క ఊళ్ళో అడిగింది, వాళ్ళకూ లేదు. దీపం పసుపు కాబట్టి ఆమె సగం వంతుకు బురదే వచ్చింది.

ఒక పొద్దున వన్నూరప్ప బోరు దగ్గరినుంచి వస్తుంటే, మారెక్క తట్టలను ఒక్కొక్కటే మోసుకుపోయి దిబ్బగుంతలో దులుపుతోంది. పురుగులు మెత్తగా, నల్లబడి ఉన్నాయి. ఆమె అతన్ని చూసింది. దులిపిన తట్టను ఎండకు బోర్లించి, ఇంకో తట్ట కోసం లోపలికి పోయింది.

ఆమె ఏమైనా అని ఉంటే అతను ఇంకో రోజు ఆగేవాడేమో. నేరుగా ఇంటికి వచ్చి ఇందుజకు ఫోను చేశాడు.

"మీయమ్మ ఉండాది ఆడే," అన్నాడు.

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తర్వాత కీబోర్డు చప్పుడు వినపడింది.

సాయంత్రం బస్సుకే వచ్చింది. వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే గడప మీద కూర్చుని చెప్పింది. అమ్మ ప్రోగ్రాంను ఒకే ఫైలుగా రాయలేదు, చాలా ఫైళ్ళుగా రాసింది. హద్దులు ఒక ఫైలులో ఉన్నాయి. తారీఖు ముద్ర ఉన్న ఆ రెండు మాటలు వేరే ఫైలులో ఉన్నాయి. తను హద్దుల ఫైలునే మార్చింది. మలిచే సాధనం పని తగ్గించుకోవడానికి, మార్పు లేని ఫైళ్ళను మళ్ళీ మలచదు, ముందు మలిచినవాటినే తెచ్చి కలిపేస్తుంది. అమ్మ పెట్టె బిగించిన రోజున మలిచిన ముక్కలు ఆ ల్యాప్‌టాప్‌లో అట్లాగే ఉన్నాయి. కొత్త గోడలోకి పాత ఇటుక వచ్చి కూర్చుంది, పాత ముద్రతోనే. పెట్టె దాన్ని చూసి, తారీఖు మారలేదు కదా అని రాతి జోలికి పోలేదు. ఇట్లాంటప్పుడు పాత ముక్కలన్నీ తుడిచేసి మొదటినుంచి మలచాలి. ఆ సంగతి ఈ పని చేసేవాళ్ళు మొదటి ఏడాదిలోనే నేర్చుకుంటారు.

వన్నూరప్ప విన్నాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి కూతురి పక్కన పెట్టాడు.

"కావాలనే చేసినావా అమ్మీ?"

"లేదు నాయనా." చెంబు చేతిలోకి తీసుకుంది. "ఏమో. పాతవి తుడిచేయమంటావా అని అడుగుతాది అది. వద్దు అనింటి. ఏమిటికి అన్నానో తెలీదు."

రేపు పొద్దున అన్నీ తుడిచి మళ్ళీ మలుస్తానని ఆమె అంది. ముందు ఒక చోటికి పోయి రావాలి అని అతను అన్నాడు.

మారెక్క ఇంటి ముందు తట్టలకు సున్నం నీళ్ళు చల్లుతోంది. జబ్బు తర్వాతి కాపుకు అంటకుండా అట్లా చల్లుతారు. అతను వచ్చి నిలబడితే తల ఎత్తలేదు. వన్నూరప్ప తన జన్మలో అన్ని మాటలు వరసగా ఎప్పుడూ మాట్లాడి ఉండడు. దీపం తప్పని తనకు తెలుసన్నాడు. చంద్రకళ గొంతు ఆ రాతిలో ఉందన్నాడు. అది పోతుందని చెప్పలేదన్నాడు.

మారెక్క చెయ్యి ఆగింది.

"నా పురుగులు సచ్చేదానికి ముందరినుంచే తెలుసునా?"

"తెలుసు."

ఆమె మళ్ళీ సున్నం చల్లింది. ఆ తట్ట అయిపోయింది, ఇంకో తట్ట తీసుకుంది. అది కూడా అయిపోయింది. తిడుతుందని అతను ఎదురుచూశాడు. తిడితే బాగుండు.

"పురుగులు పోతే మళ్ళా గుడ్లు తెచ్చుకుంటా," అంది చివరికి. "ఆయమ్మ గొంతు ఆడ ఉండాదని ఇన్నేండ్లూ నాకెందుకు చెప్పలేదప్పా? నేనూ వచ్చి వింటా ఉంటిని గదా. నీకొక్కనికేనా ఆయమ్మ?"

పొద్దున బోరు దగ్గరికి రా అక్కా అన్నాడు అతను. చీకటి పడేవేళకు ఇంటికి వచ్చాడు.

పొద్దున ముగ్గురూ బోరు దగ్గరున్నారు. ఆకాశం తెల్లగా, ఖాళీగా ఉంది. ఇందుజ పెట్టె తలుపు తెరిచి, సుత్తి వేళ దాకా ఆగక్కర్లేదు, నేనే తట్టిస్తానని చెప్పింది.

ముందు మారెక్క కూర్చుంది. మోకాళ్ళు వంగక, ఇందుజ భుజం పట్టుకుని మెల్లగా కూర్చుంది. దవడ ఆనించింది. సుత్తి తట్టింది. ఆమె కళ్ళు ముందు చిన్నవయ్యాయి, తర్వాత పెద్దవయ్యాయి. అయిపోయాక కూడా కాసేపు లేవలేదు.

"ఆ గంటలు నా మేకలవే," అంది. "ముందర మోగేది గుడ్డి మేకది. గట్టు మీదనే ఉంటిని గదా నేను!"

వన్నూరప్ప దగ్గరికి వచ్చాడు.

"అక్కా. దాని తరవాత ఏమనింది ఆయమ్మ? నీకు వినపడిందా?"

మారెక్క గుర్తు చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది. గుట్ట వైపు చూసింది, గట్టు వైపు చూసింది.

"లేదప్పా. మేకల ఎంట పోతి."

అతను తల ఊపాడు. ఆమె అతని ముఖం చూసి, పైపును పట్టుకుని లేవబోయి, లేవకుండానే చెప్పింది. ఆ రోజు మాపటికి తను మేకలు తోలుకుని ఈ దారినే తిరిగి వస్తుంటే చంద్రకళ ఇదే అరుగు మీద ఒంటికాలు ముందుకు పెట్టుకుని కూర్చుని ఉందట. తుమ్మ ముల్లు దిగింది. అంత చదువుకున్న మనిషి, రాతి లోపల నీళ్ళు చూసే మనిషి, కాలిలో ముల్లు తీసుకోలేక బిక్కమొహం వేసుకుని ఉందట. తను తాళిలో ఉన్న పిన్నీసు తీసి ముల్లు లాగితే, అమ్మా అని అరిచి, మళ్ళీ తనే నవ్వి, నీ మేకలకు గుచ్చుకోదా అక్కా ఇది అని అడిగిందట. వాటికి బుద్ధుంది, చూసి నడుస్తాయి అన్నానని మారెక్క చెప్పింది. అప్పుడు ఇద్దరం పడిపడి నవ్వుకున్నామంది.

వన్నూరప్పకు ఈ సంగతి తెలియదు. ఎన్నేళ్ళ తర్వాత ఆమె గురించి కొత్త సంగతి ఒకటి విన్నాడో అతనికే తెలియదు. ముల్లు ఏ కాలిలో అని అడిగాడు. ఎడమ కాలు అని మారెక్క చెప్పింది. మడమ దగ్గర.

తర్వాత ఇందుజ కూర్చుంది. తల్లి పోయాక ఆమె ఎప్పుడూ దవడ ఆనించి దీన్ని వినలేదు, వినమంటే పని ఉందనేది. సుత్తి తట్టింది. చిన్నప్పటి తన నవ్వు వచ్చిన చోట ఆమె చెయ్యి పైపు మీదినుంచి చప్పున లేచింది. ఎవరో తియ్యమన్నట్టే లేచింది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. మారెక్క ఆమె వీపు నిమిరింది. అలా నిమురుతూ వన్నూరప్ప వైపు చూసి, ఇక నువ్వు అన్నట్టు తల ఆడించింది.

అతను కూర్చున్నాడు. గంటలు, గులకరాళ్ళు, ఆమె. ఈసారి గంటల్లో ముందు మోగేదాన్ని వేరుగా విన్నాడు. గులకరాళ్ళ మీద అడుగుల్లో ఎడమ కాలిని వెతికాడు. ఇంకా ముల్లు దిగని కాలు. నీకొక మాట అని ఆమె అంది. అతను లోపల్లోపల, చెప్పు అన్నాడు.

లేచి పక్కకు వచ్చాడు.

ఇందుజ కళ్ళు తుడుచుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. పాత ముక్కలన్నీ తుడిచేయమంటావా అని తెర అడిగింది. ఆమె తండ్రి వైపు చూసింది. అతను ఊ అన్నాడు. ఒకటొకటిగా ఫైళ్ళన్నీ మొదటినుంచి మలచబడ్డాయి. తెరమీద కొత్త ముద్ర వచ్చింది, ఆ పొద్దుటి తారీఖు, ఆ పొద్దుటి గంట. ఆమె అది ముందు చదివి చూసుకుంది. పెట్టెకు ఎక్కించి, ఎవరూ కదలొద్దని వేలు ఎత్తింది.

సుత్తి తట్టింది. అరనిమిషం ముగ్గురూ నిలబడి ఉన్నారు. మారెక్క ఊపిరి కొంచెం పిల్లికూతగా వస్తోంది. క్వారీ వైపు లారీ ఒకటి గేరు మార్చింది. వన్నూరప్ప చెప్పు కింద గులకరాయి ఒకటి కదిలింది.

పెట్టె ఇప్పటి ఎండిన రాతిని ఆనవాలుగా పట్టుకుంది. దీపం ఆరి, ఎర్రగా వెలిగింది.

పై మడివాళ్ళు ఒకరొకరుగా గట్టెక్కి వచ్చి స్తంభం వైపు చూశారు. ఎవరి ముఖమూ బాగులేదు. ఎరుపు అంటే ఈ కారు పంటకు సగం భూమి బీడే. ఒకతను మళ్ళీ ఒకసారి చూడమ్మా అని ఇందుజను అడిగాడు. ఆమె చూసి, సరిగానే ఉందంది. అతను నిలబడి, నిలబడి, పార తీసుకుని పోయి పై మడికి నీళ్ళు మళ్ళే మడవను మట్టితో మూసేశాడు. నీళ్ళు పై మళ్ళను దాటుకుంటూ కడ మడి వైపు మళ్ళాయి. సన్నగానే పోతున్నాయి, బురద లేదు.

మారెక్క నీళ్ళ వెంబడి గట్టు మీద నడిచింది. సగం దూరం పోయి, వెనక్కి తిరిగి, రాండి అని చెయ్యి ఊపింది.

ఆమె ఇంట్లో ఖాళీ తట్టలు గోడకు ఆనించి ఉన్నాయి. సున్నం వాసన. ఇందుజ మూలన ఉన్న చాప తెచ్చి పరిచింది. మారెక్క కుండలోంచి రాగిసంగటి తీసి, తడిచేత్తో ముద్దలు చేసి మూడు పళ్ళాల్లో పెట్టింది. నంజుకోవడానికి పక్కన చెనిగ్గింజల ఊరుబిండి పచ్చడి. సంగటి వేడిగా ఉంది, ముగ్గురూ అంచులనుంచి కొంచెం కొంచెం తుంచుకుని తిన్నారు. వన్నూరప్ప పళ్ళెం ఖాళీ అయితే, మారెక్క కావాలా అని అడక్కుండా ఇంకో ముద్ద పెట్టింది. అతను వద్దనలేదు. తలవంచుకుని దాన్ని కూడా తిన్నాడు.